పాడుచేసిన చేతికే బాగుచేసే బాధ్యత

"కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది" అన్న సామెత మన ఇళ్లలో తరతరాలుగా వినబడుతున్నదే. వైద్యాన్ని గురించి పుట్టిన ఆ మాట, ఈనాడు మన యువకులు తమ మోటారు సైకిళ్ల మీద చేస్తున్న ప్రయోగాలకు అక్షరాలా సరిపోతున్నది. దీపం వెలుగు చాలదని పెద్ద బల్బు పెట్టబోతే తీగెల కట్ట కరిగిపోతుంది. హారను మార్చబోతే ఫ్యూజు కాలిపోతుంది. అద్దం విప్పబోతే మర చెడిపోతుంది. సైలెన్సరు తీయబోతే, ఇంజనులోనికి దిగి ఉన్న బోల్టు తల విరిగి చేతిలోనికి వస్తుంది. ఆదివారం ఉదయం ఉత్సాహంతో మొదలుపెట్టిన పని సాయంత్రానికి దిగులుతో ముగుస్తుంది.

వాహనానికి సొంత చేతులతో మార్పులు చేయవచ్చునా, కూడదా అన్న చర్చ మన కళాశాల ఆవరణలో తరచు వినబడేదే. ఆ చర్చకు చట్టం కొంత సమాధానం చెప్పింది. దానిని ముందు ప్రస్తావిస్తాను. కాని నన్ను ఈ వ్యాసానికి పురికొల్పిన ప్రశ్న వేరు. మార్పు చేయబోయి పొరపాటున ఏదైనా పాడుచేసిన తరువాత ఆ యువకుడు ఏమి చేయవలెను? చాలామంది చేసేది ఒక్కటే. విరిగినదానిని జిగురు ముద్దతో అతికించి, తెగినదానికి నల్ల టేపు చుట్టి, పైకి కనబడకుండా మూత బిగించి, ఏమీ జరగనట్లు ఊరుకుంటారు. నా అభిప్రాయంలో పాడుచేయడం తప్పు కాదు. నేర్చుకునే చేతికి అది సహజం. దాచడమే అసలు తప్పు. ప్రమాదమంతా అక్కడినుండే మొదలవుతుంది.

ఎందుకనగా, విద్యార్థి నడిపే బండి సాధారణంగా అతని ఒక్కనిది కాదు. ఉదయం దాని మీద తండ్రి దుకాణానికి వెళతాడు. మధ్యాహ్నం అన్న సరుకులు తెస్తాడు. సాయంత్రం చెల్లెలు దాని వెనుక కూర్చుని ట్యూషనుకు పోతుంది. ఎన్నో ఇళ్లలో నెల నెలా వాయిదాలు కట్టి తీర్చిన బండి అది. ఇంటిల్లిపాదికీ కాళ్ల వంటిది. ఆదివారం నాడు బ్రేకు గొట్టానికి తగిలిన చిన్న గాటు సంగతి తెలిసినది ఆ ఒక్క యువకునికే. బుధవారం నాడు నిండు రద్దీలో ఆ బ్రేకు నొక్కేది అతని తండ్రి. తెలిసినవాడు ఇంట కూర్చుని ఉండగా తెలియనివాడు ప్రాణాన్ని పణంగా పెట్టడమంటే ఇదే. ఆ బండిని అమ్మివేస్తే, దాచిన లోపం ముక్కు ముఖం తెలియని మరొక ఇంటికి చేరుతుంది.

మన పెద్దల తరం కూడా తమ బండ్లను తామే విప్పుకొన్నది. 1961లో మైసూరులో తయారీ ఆరంభమైన జావా మోటారు సైకిలు, 1972లో వచ్చిన బజాజ్ చేతక్ స్కూటరు మన వీధుల్లో తిరిగిన రోజుల్లో స్పార్కు ప్లగ్గు తీసి మసి తుడవడం, కార్బురేటరు విప్పి కడగడం ఇంటి పనులలో ఒకటి. నాటి యంత్రం సరళమైనది, కొంత మోటుదనాన్ని ఓర్చుకొనేది. నేటి యంత్రం అట్టిది కాదు. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 నిబంధనలు అమలులోనికి వచ్చిన పిమ్మట, మోటారు సైకిలు ఎంత పెట్రోలు పీల్చవలెనో ఒక చిన్న కంప్యూటరు నిర్ణయిస్తున్నది. పొగగొట్టంలో అమర్చిన ఆక్సిజన్ సెన్సారు దానికి వార్త చేరవేస్తున్నది. ఆ సెన్సారు తీగె తెగినా, సైలెన్సరుతో పాటు దానిని పీకివేసినా లెక్క తప్పుతుంది. కావున, "మా నాన్న చేయలేదా?" అన్న వాదం ఈ బండ్ల విషయంలో అంతగా నిలవదు. చేయి వేయకూడదని కాదు. కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు. సైకిలు ఎడమ పెడలును చూడండి. దాని మర ఎదురు తిరుగుతుంది. కొన్ని మోటారు సైకిళ్లలో కుడివైపు అద్దానికి కూడా ఎదురు మరే ఉంటుంది. ఈ సంగతి తెలియనివాడు విప్పుతున్నాననుకొని బిగిస్తూ పోతాడు. చివరకు ఏదో ఒకటి విరుగుతుంది. అక్కడ లోపించినది బలం కాదు, కీలు తెలియడం.

ఇక పాడైన తరువాత మొదటి ధర్మం ఆగడం. విరిగిన బోల్టు ఇందుకు మంచి పాఠం చెబుతుంది. వేడికీ, తుప్పుకూ పట్టేసుకొనిపోయిన బోల్టును పానాతో బలంగా తిప్పితే తల ఊడివచ్చి, మొండెం ఇంజనులో ఉండిపోతుంది. అప్పటికి జరిగినది చిన్న నష్టమే. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా ఉంచి, విరిగిన ముఖానికి సరిగా నడుమ సెంటరు పంచితో గుర్తు కొట్టి, సన్నని డ్రిల్లుతో రంధ్రం చేసి, ఎదురు మరలు గల ఎక్స్‌ట్రాక్టరుతో నెమ్మదిగా తిప్పితే చాలా సందర్భాలలో ఆ ముక్క బయటికి వస్తుంది. కాని ఓపిక నశించి ఆ ఎక్స్‌ట్రాక్టరునే బలవంతంగా తిప్పితే అదికూడా లోపలనే విరుగుతుంది. అది గట్టిపరచిన ఉక్కు. మామూలు డ్రిల్లు దానిని కొరకలేదు. అప్పుడు ఇంజను తల విప్పి లేతు కార్ఖానాకు మోయవలసినదే. గోటితో పోయేదానికి గొడ్డలి కావలసి వచ్చింది! మొదటి విరుగుడు పొరపాటు, రెండవది తొందరపాటు. ఈ రెంటికీ నడుమ ఒక్క క్షణం ఆగగలిగినవాడు సగం పనివాడైనట్లే.

రెండవ ధర్మం, చెడినదానిని దాని పద్ధతిలోనే బాగుచేయడం. స్పార్కు ప్లగ్గు మరను తీసుకొందాము. మన వీధుల్లో తిరిగే అనేక మోటారు సైకిళ్లలో దీని వ్యాసం 10 మిల్లీమీటర్లు. ఒక్కొక్క చుట్టుకు అది 1 మిల్లీమీటరు లోనికి దిగుతుంది. ప్లగ్గు ఉక్కుతో చేసినది, అది దిగే ఇంజను తల మెత్తని అల్యూమినియం. వంకరగా పెట్టి పానాతో బిగిస్తే ఓడిపోయేది ఎప్పుడూ అల్యూమినియమే. మర చెడిన ఆ రంధ్రంలో జిగురు నింపి ప్లగ్గును నిలబెట్టేవారున్నారు. ప్రతి పేలుడుకూ ఒత్తిడి పుట్టే చోట జిగురు ఎంతకాలం ఆగుతుంది? సరైన మార్గం వేరే ఉన్నది. చెడిన రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, ట్యాపుతో కొత్త మర కోసి, అందులో ఉక్కు తీగె చుట్టను దింపుతారు. దానిని హెలికాయిల్ అంటారు. మర కోసేటప్పుడు రాలే పొట్టు సిలిండరులో పడకుండా తలను విప్పి చేయడం ఉత్తమం. విప్పడం కుదరనప్పుడు ట్యాపు గాళ్లలో గ్రీజు నింపి పొట్టును అందులో పట్టిస్తారు. ఈ పని పద్ధతిగా చేస్తే కొత్త మర మొదటి అల్యూమినియం మర కంటె బలంగా నిలుస్తుంది. విద్యార్థి మిత్రులారా, ఈ ఒక్క మాటను గుర్తుంచుకొనండి. దాచిన లోపం నానాటికి బలహీనపడుతుంది. పద్ధతిగా బాగుచేసిన లోపం తొలినాటి కంటె బలపడగలదు.

తీగెల సంగతి మన భౌతికశాస్త్ర పాఠమే. 12 వోల్టుల బండిలో 60 వాట్ల బల్బు 5 ఆంపియర్ల విద్యుత్తును తీసుకొంటుంది. దాని స్థానంలో 100 వాట్ల బల్బు పెడితే ప్రవాహం 8 ఆంపియర్లు దాటుతుంది. ప్రవాహం పెరిగినది రెండు రెట్లకు లోపే కదా అని తేలికగా తీసుకొనరాదు. జౌల్ సూత్రం ప్రకారం తీగెలో పుట్టే వేడి ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అనగా, అదే సన్నని తీగె ఇప్పుడు దాదాపు 2.8 రెట్ల వేడిని భరించవలెను. పరీక్షలో ఈ లెక్కకు పూర్తి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థియే వరండాలో తన బండి తీగెను కాల్చుకొనడం మన చదువులోని విచిత్రం.

తీగె కాలిన తరువాత జరిగేది మరింత విచారకరం. ఫ్యూజు పోయిందని దానికంటె పెద్ద ఫ్యూజు వేస్తారు, లేదా సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితాన్ని మడిచి అక్కడ పెడతారు. ఫ్యూజు ఉన్నది తాను కాలి తీగెను కాపాడడానికి. దానిని కాలనివ్వకపోతే తీగె కాలుతుంది, తీగెతో పాటు బండి కాలుతుంది. బాగుచేయదలచినవాడు మొదట బ్యాటరీ నెగెటివ్ తీగెను విప్పవలెను. పాజిటివ్‌ను ముందు విప్పబోతే పానా ఇనుప చట్రానికి తగిలి నిప్పులు రాలవచ్చును. పిమ్మట కరిగిన భాగాన్ని పూర్తిగా కత్తిరించి, అంతే మందంగల తీగెను అతికి, సోల్డరు చేసి, వేడికి ముడుచుకొనే గొట్టాన్ని దానిపై తొడగవలెను. ఉత్త నల్ల టేపు మన ఎండలకు జిగురు కారి ఊడిపోతుంది. నిర్ణయించిన ఆంపియర్ల ఫ్యూజునే వేసి, నెగెటివ్ తీగెను అన్నిటికంటె చివర కలపవలెను. ఇంత చేసి, పాత బల్బునే మరల పెట్టవలెను. ముందు యథాస్థితి, తరువాతనే ముచ్చట.

చిన్న గాయాలకు పెద్ద చికిత్స అవసరం లేదు. బ్రేకు ద్రవం రంగు మీద ఒలికితే గుడ్డతో రుద్దకుండా వెంటనే ధారాళంగా నీళ్లు పోసి కడిగితే రంగు దక్కుతుంది. విరిగిన ప్లాస్టిక్ చెవిని అతకవచ్చును, గీతను రంగుతో కప్పవచ్చును. అందం చెడినచోట అతుకు చాలును. కాని ప్రాణం ఆధారపడినచోట అతుకు పనికిరాదు. బ్రేకు గొట్టం, బ్రేకు డిస్కు, ముందు ఫోర్కు, పగిలిన అల్లాయ్ చక్రం - వీటిని బాగుచేయరాదు, మార్చవలెను. దీపపు చట్రమో, సంచీల కమ్మియో బిగించడానికి బండి చట్రానికి రంధ్రం చేసేవారు ఒక్క విషయం ఆలోచించవలెను. లాగుడుకు గురియైన పలకలో గుండ్రని రంధ్రం ఉంటే, దాని అంచున ప్రతిబలం చుట్టుపక్కల కంటె మూడు రెట్లు ఉంటుందని జర్మను ఇంజనీరు కిర్ష్ 1898లోనే లెక్కగట్టి చూపినాడు. చట్రపు గొట్టం అచ్చంగా పలక కాకపోయినా నీతి అదే: పగులు పుట్టే చోటును మన చేతితోనే మనము ఎంచి ఇచ్చినట్లవుతుంది. అట్టి రంధ్రాన్ని లప్పంతో పూడ్చి రంగు వేస్తే కంటికి మాయమవుతుంది. లోహానికి మాత్రం మాయం కాదు. దానిని అనుభవజ్ఞునికి చూపించడం తప్ప వేరు మార్గం లేదు.

ఇక పెట్రోలు ట్యాంకు. దానికి సొట్ట పడినా, చిల్లి పడినా ఇంట వెల్డింగు చేసే సాహసం ఎవరూ చేయరాదు. నిండు ట్యాంకు కంటె ఖాళీ ట్యాంకు ప్రమాదకరమన్న సంగతి చాలామందికి తెలియదు. మండేది ద్రవం కాదు, ఆవిరి. సున్నాకు దిగువ 40 డిగ్రీల చలిలో కూడా పెట్రోలు మండగలిగినంత ఆవిరిని విడుస్తుంది. గాలిలో ఆ ఆవిరి నూటికి సుమారు ఒకటిన్నర పాలు మొదలు ఏడున్నర పాళ్ల వరకు ఉన్నప్పుడు నిప్పురవ్వ చాలును. ఖాళీ చేసిన ట్యాంకులో సరిగా అట్టి మిశ్రమమే మిగలవచ్చును. అదే విధంగా విద్యుత్ స్కూటర్ల బ్యాటరీ పెట్టెను విప్పే పని కూడా విద్యార్థులది కాదు.

చట్టం మాట కూడా స్పష్టంగానే ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ నమోదు పత్రంలోని వివరాలకూ తేడా వచ్చే విధంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. అదే సంవత్సరం చట్టానికి జరిగిన సవరణతో, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండును గాని విధించవచ్చును. ఐతే చట్టం మార్పులన్నిటికీ శత్రువు కాదు. ఆమోదించిన గ్యాసు పరికరాల అమరికకూ, శారీరక వైకల్యం గలవారి సౌకర్యార్థం చేసే మార్పులకూ అది దారి విడిచింది. కాళ్లు లేనివాడు చేతులతో నడుపుకొనేలా బండిని మార్చడం కంటె గొప్ప మార్పు ఏమున్నది? చెవులు పగిలే సైలెన్సరుతో వీధిని నిద్రలేపడాన్ని దాని సరసన నిలబెట్టగలమా? పులిని చూసి నక్క వాతలు పెట్టుకొన్నట్లు, ఎవరినో చూసి చేసే మార్పులే చేతులు కాల్చుతున్నవి. అవసరం చూసి చేసే మార్పులు అరుదుగా కాల్చుతవి.

"ఇంత గొడవ ఎందుకు? అసలు బండి మీద చేయి వేయకుండా షోరూములో ఇచ్చివేస్తే సరి" అనే పెద్దలున్నారు. వారితో నేను ఏకీభవించలేను. చేయి మురికి కాని చదువు సగం చదువే. మర చెడగొట్టి, దానిని మరల కోసి నిలబెట్టినవాడు పుస్తకంలోని పది పుటలకంటె ఎక్కువ నేర్చుకొంటాడు. అట్లే, నిజం చెప్పిన బిడ్డను తిట్టి, దాచిన బిడ్డను ఏమీ అనని ఇల్లు దాచడాన్నే నేర్పుతుందని కూడా పెద్దలు గ్రహించవలెను. "నాన్నగారూ, బోల్టు విరిచాను, రేపు బండి తీయకండి" అని గాని, "అబ్బా, బ్రేకు గొట్టానికి గాటు పడింది" అని గాని చెప్పడానికి వచ్చిన కుర్రవానికి మొదట దొరకవలసినది మెప్పు, మందలింపు తరువాత.

మన కళాశాలలో రెండు భాషలు ఇరుగుపొరుగుగా జీవిస్తున్నవి. ఈ విషయంలో అవి ఎంత దగ్గరివో గమనించండి. తెలుగువాడు అచ్చతెలుగుగా వాడుకొనే "మరమ్మతు" అరబ్బీలో పుట్టి, ఉర్దూ నోట నలిగి మనకు చేరినది. "కార్ఖానా" పారశీకం నుండి వచ్చినది. "ఉస్తాదు" అన్న పిలుపు మన మెకానిక్కు షెడ్లలో ఏ మతంవాడైనా, ఏ భాషవాడైనా పనితనానికి చేసే నమస్కారం. విజయవాడ ఆటోనగరులో గాని, హైదరాబాదు పుత్లీబౌలి వీధుల్లో గాని పట్టా లేని ఎందరో ఉస్తాదులు చెవితో విని యంత్రపు జబ్బు చెప్పగలరు. వారి వద్ద పనివానికి మొదటి పాఠం: విరిగితే దాచకు, ఉస్తాదుకు చూపించు. ఆ పాఠం మన తరగతి గదులలోనికి రావలసి ఉన్నది.

కావున కళాశాల కార్యవర్గానికి నా విన్నపం చిన్నది. భౌతికశాస్త్ర ప్రయోగశాల వెనుక ఖాళీగా ఉన్న స్థలంలో ఒక బల్ల, ఒక వైసు, ఒక ట్యాపుల పెట్టె, ఒక మల్టీమీటరు, ఒక టార్కు రెంచి, గోడకు ఒక అగ్నిమాపక సాధనం ఏర్పాటు చేయండి. ఏ బోల్టును ఎంత బలంతో బిగించవలెనో తయారీదారు న్యూటన్ మీటర్లలో చెబుతాడు. "చేతికి తోచినంత" అన్నది కొలత కాదని ఆ టార్కు రెంచి ఒక్కటే వంద ఉపన్యాసాలకంటె బాగా బోధిస్తుంది. నెలకొక మధ్యాహ్నం ఊరిలోని ఒక ఉస్తాదును పిలిపించి, అతిథి ఉపన్యాసకునికి ఇచ్చే గౌరవ వేతనాన్నే ఆయనకూ ఇవ్వండి. ఆ బల్ల మీద ఒక పుస్తకం ఉంచండి. ఎవరు ఏమి విరిచారో, ఎందువలన విరిగిందో, ఎట్లు బాగుచేశారో, దేనిని బాగుచేయలేక మార్చవలసి వచ్చిందో ఉర్దూలోనో, తెలుగులోనో అందులో వ్రాయనివ్వండి. తప్పు వ్రాసినవానికి జరిమానా ఉండరాదు. నాలుగేళ్లలో ఆ పుస్తకం తరువాతి విద్యార్థులకు పాఠ్యగ్రంథమవుతుంది.

విద్యార్థి సోదర సోదరీమణులారా! పనిముట్టు పట్టిన చేతికి పొరపాటు తప్పదు. రేపు మీరు ఇంజనీర్లు, వైద్యులు, ఉపాధ్యాయులు, అధికారులు కావచ్చును. అప్పుడు మీ చేతిలో జారేది బోల్టు కాదు. ఒక వంతెన లెక్క కావచ్చును, ఒక రోగి మందు కావచ్చును, ఒక కుటుంబపు దస్త్రం కావచ్చును. ఆనాడు ఆగి, చెప్పి, సరిదిద్దగల మనస్సు ఒక్కరోజులో రాదు. దానిని ఇప్పుడే, ఈ చిన్న మర దగ్గరే అలవరచుకొనండి. విరిచితిమని చెప్పడానికి కావలసిన ధైర్యం బండిని వేగంగా నడపడానికి కావలసిన ధైర్యంకన్నా పెద్దది. ఆ ధైర్యం గల యువకుని బండి ఎక్కడానికి అతని చెల్లెలు భయపడదు, అతని తండ్రి వెనుకాడడు.